ఎసియెన్ వీపు

మా క్వా ఇబో నది ఒడ్డు ఊళ్ళలో పెద్దవాళ్ళు పోతే వాకిట్లోనే సమాధి కట్టి, దాని మీద పోయినవాళ్ళ సిమెంటు బొమ్మ నిలబెడతారు. ఆ బొమ్మలు చేసేవాణ్ణి నేను. పేరు ఎటుకుడో. నా పనితనం గురించి గొప్పలు చెప్పుకోవడం ఎందుకు, ఏ వాకిట్లోకి వెళ్ళినా మీకు నేనే కనిపిస్తాను. కుర్చీలో కూర్చున్న ఊరిపెద్ద నేనే. బైబిలు పట్టుకున్న పాస్టరు నేనే. తలగుడ్డ చుట్టుకుని, మెడలో పూసలు వేసుకుని, పక్కన బుట్ట పెట్టుకున్న ముసలమ్మా నేనే.

కావాలని చేసింది కాదు. ముక్కు ఎంత ఎత్తు పెట్టాలో అనుమానం వస్తే తడి చేత్తో నా ముక్కు తడిమి చూసుకుంటాను. చెవులైనా అంతే, గడ్డమైనా అంతే. పనిలో చేరిన మొదటిరోజు మా గురువు, "మొహం ఎలా ఉంటుందో తెలియకపోతే నీది తడుముకో" అన్నాడు. అది బాగా పట్టుబడింది. రెండోరోజు నుంచి ఆయన చెప్పినవేవీ నాకు ఎక్కలేదు.

అయినా నా బతుకు జరిగిపోయింది. బొమ్మ మీద గుడ్డ తీసేది విందు రోజున. కల్లు తాగి, ఆఫాంగ్ ఆకుకూర పులుసుతో కడుపు నిండా తిన్నవాళ్ళకు ఏ మొహమైనా తమ తాతలాగే కనిపిస్తుంది. నా భార్య ఉకెమె మాత్రం విందుల్లో తక్కువ తాగుతుంది. అదే చిక్కు.

"మొగుడు పోతే ఎవరైనా ఒక్కసారి ఏడుస్తారు. నిన్ను కట్టుకున్నాక నేను ఎన్నిసార్లు విధవనయ్యానో నాకే తెలీదు. రేపు నువ్వు నిజంగా పోతే ఏ వాకిట్లో కూర్చుని ఏడవాలో ముందే చెప్పి పో" అంటుంది.

ఒక వానాకాలం చివర్లో ఎకాయెటె మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త ఎసియెన్ చేపలవాడు. ఆ ఏడాది సముద్రం మీదికి వెళ్ళి తిరిగి రాలేదు. విరిగిన పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. అతని పాత వలను గోతిలో పెట్టి సమాధి కట్టారు. ఎకాయెటె మా చెక్కరోలు బోర్లించి దాని మీద కూర్చుని, పెద్దలను పిలిచినట్టే నన్నూ 'ఎటే', అంటే అయ్యా, అని పిలిచింది.

"ఎటే, ఆయన మొహం నాకు చెరిగిపోతోంది. మొన్న పొద్దున తలుచుకుంటే కళ్ళు గుర్తురాలేదు. ఫోటో ఒక్కటైనా లేదు. బొమ్మ ఉంటే ఆ కాస్తా పోకుండా ఉంటుంది."

"అమ్మా, నా పని నువ్వు చూశావా?"

"చూడకేం. మా మామగారి సమాధి మీద కూర్చుంది నువ్వేగా."

"మరి తెలిసి తెలిసి నా దగ్గరికెందుకొచ్చావు?"

"ఉయో పట్నంలో వాళ్ళు ఫోటో లేకపోతే చెయ్యం అన్నారు. నువ్వు ఫోటో ఇచ్చినా చూడవటగా. నీకైతే ఉన్నా లేకపోయినా ఒకటే."

ఇంత మర్యాదగా నన్ను పనికి పిలిచినవాళ్ళు అంతకుముందు లేరు. ఒప్పుకున్నాను.

ఆమె వాకిట్లోనే పని మొదలుపెట్టాను. ఇనుపచువ్వలు కట్టి, ఇటుకముక్కలు కూరి, సిమెంటు పట్టించాను. ఎకాయెటె ఎండుచేపలకు ముళ్ళు తీస్తూ గుమ్మంలో కూర్చునేది. మొహం పూర్తిచేసి పక్కకు తప్పుకుంటే లేచి వచ్చి చూసింది.

"ఇది నువ్వు" అంది.

చెక్కేసి మళ్ళీ చేశాను.

"ఇదీ నువ్వే. కాస్త జబ్బు చేసినట్టున్నావు."

మళ్ళీ చేశాను. ఈసారి ఆమె చాటలో చేపలు అలాగే వదిలేసి, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే అంది, "ఎటే, ఇక చెయ్యకు. నువ్వు చేసిన కొద్దీ నాకు మిగిలింది కూడా పోతోంది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే నువ్వే కనిపిస్తున్నావు."

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుపడ్డప్పుడు నాకు కోపం వస్తుంది, అది మా ఇంటి జబ్బు.

"మరి చెప్పమ్మా. ఎలా ఉండేవాడో చెప్పకుండా నన్నంటే ఎలా? పాతికేళ్ళు కాపురం చేశావు, నువ్వు చూసింది చెప్పు."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "తెల్లారకముందే పోయేవాడు. చీకటి పడ్డాక వచ్చేవాడు. నేను ఈ గుమ్మంలోనే నిలబడి పోతుంటే చూసేదాన్ని. కుడిభుజం కిందికి ఉండేది, తెడ్డు మోసి మోసి. మెడ వెనక ఒక మడత, దాంట్లో ఉప్పు పేరుకునేది. చొక్కా వీపున చిరిగితే నేనే కుట్టాను, వంకరగా. నడుస్తూ నడుస్తూ ఒకచోట ఆగి నడుముకు కట్టిన గుడ్డ పైకి లాక్కునేవాడు, అదిగో ఆ కొబ్బరిచెట్టు దగ్గర."

ఆమె కళ్ళు ఆ చెట్టు మీదే ఉన్నాయి. నాకప్పుడు తట్టింది, ఈమె దగ్గర మొహం లేకపోవచ్చుగానీ వీపు చెక్కుచెదరకుండా ఉంది.

బొమ్మను నది వైపుకు తిప్పి, గుమ్మం వైపుకు వచ్చిన వీపును కొత్తగా మొదలుపెట్టాను. ఇక్కడ నా విద్య ఏమీ పనిచేయలేదు. అనుమానం వచ్చినప్పుడల్లా చెయ్యి అలవాటుగా నా వీపు మీదికి పోయేది. అది అందితేగా! రెండుసార్లు భుజం పట్టేసి, ఉకెమె వచ్చి ఆముదం రాయాల్సివచ్చింది. అందుకని పని నేర్చిన ఇన్నేళ్ళకు మొదటిసారి ఎదుటి మనిషి చెప్పింది విని చేశాను.

"భుజం ఇంకా దించు" అనేది ఎకాయెటె గుమ్మంలోంచి. దించేవాణ్ణి. "మడత అంత లావు కాదు, ఆయనేం ఊరిపెద్ద కాదు." తీసేవాణ్ణి. చొక్కా కుట్టు మాత్రం తనే వచ్చి పుల్లతో గీసింది, వంకరగానే.

చర్చి పెద్ద ఒకాయన వచ్చి, కింద ఇంగ్లీషులో రెండు మంచిమాటలు రాయించమని సలహా ఇచ్చాడు.

"ఆయనకు మన ఇబిబియో తప్ప ఇంకో మాట రాదు. అక్కడ ఎవరు చదివిపెడతారు?" అంది ఎకాయెటె. వీపు కింద మా భాషలోనే 'ఇంక రా' అని రాయించింది.

గుడ్డ తీసే రోజున ఆమె అందరిలా ముందుకు వెళ్ళలేదు. గుమ్మంలో నిలబడింది. బొమ్మను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాసేపటికి తీసి, "పొద్దెక్కుతోంది, ఇంకా అక్కడే నిలబడ్డావేం" అని గట్టిగా కసిరింది. ఎవరూ నవ్వలేదు.

మొహం సంగతి అడుగుతారా? అది నాదే. నది మీద పోయే చేపలవాళ్ళు పడవల్లోంచి, "ఎటుకుడో, ఇవాళ వేటకు వస్తావా?" అని ఆ బొమ్మను పలకరిస్తారట.

ఉకెమె ఆ రోజు విందులో ఒక్క ఎగతాళి కూడా చేయలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. ఇంటికి వచ్చే దారిలో ఎప్పటిలాగే నా వెనక నడుస్తూ అడిగింది.

"నేను పోతే నా వీపు చెయ్యగలవా?"

ఆమె వీపు ఎలా ఉంటుందో తలుచుకోబోయాను. ఎంత వెతుక్కున్నా ఏమీ దొరకలేదు. పెళ్ళయిన నాటినుంచి ఆమె నా వెనకే నడిచింది.

దారి పక్కకు తప్పుకుని, "నువ్వు ముందు నడువు" అన్నాను.

"ఏం, ఇంటికి దారి మర్చిపోయావా?" అంటూనే ముందుకు వెళ్ళింది. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. ఎప్పటినుంచో నాకు తెలియదు.