ఈస్ట్ సీసాకు గాలి పెట్టిన నాన్న

ఒక మహా సంగ్రామం గురించి చెబుతాను. యుద్ధభూమి గోదావరిఖనిలో మా క్వార్టర్ వంటిల్లు. ఆయుధం ఒక బెలూన్ కాబట్టి, సంగ్రామం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ రోజు చెల్లె బడిలో సైన్సు ప్రదర్శన. పొద్దున్నే చక్కెర నీళ్లలో ఈస్ట్ కలిపి, సీసా మూతికి బెలూన్ తొడిగింది. అది ఉబ్బితేనే మార్కులు. సగం ఉబ్బేసరికి నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. బొగ్గు గనిలో గాలి సరిగ్గా ఆడేలా చూడటమే ఇన్నేళ్లుగా ఆయన పని. మూతి మూసిన సీసాను చూడగానే బెలూన్ పీకేశాడు.

"ఏం జేసినవ్ నాయినా!" చెల్లె ఏడుపందుకుంది.

"గాలి బంద్ వెడితే ఏదన్న బతుకుతదా బిడ్డా?"

"ఈస్ట్ బతుకుతది! గాలి ఉంటే చక్కెరల శక్తి మొత్తం గుంజుకుంటది. లేకుంటే కొంచెమే గుంజుకొని, మిగిలింది అది తయారుజేసే సారాల ఇడిసిపెడ్తది. దాంతోని గ్యాస్ గూడ వస్తది."

గ్యాస్ అనగానే నాన్న పొయ్యి ఆర్పి, కిటికీలన్నీ తెరిచి, మమ్మల్ని బయటికి నడవమన్నాడు.

"మనం ముక్కుతోని ఇడిసేది గూడ గదే గ్యాస్ నాయినా," అన్నాను.

"అయితే ముందుగల్ల నువ్వు నడువు."

తన బతుకు ఆగమైందని రెండుసార్లు ప్రకటించి, చెల్లె బెలూన్ మళ్లీ తొడిగింది. అప్పుడు టైం ఏడు. ప్రదర్శన పదింటికి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే బెలూన్ ఉబ్బడానికి ముప్పావు గంట చాలు.