జొన్నల మీది చాకు

మందమర్రి బడిలో హనుమండ్లు గంట కొడితే బొగ్గుబావి దాటి వినిపించేదని ఆ కాలపు వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందులో అబద్ధం లేదు. కొలువు చప్రాసీదైతేనేం, చేతులు కమ్మరివి. ఇనుమును ఎక్కడ కొడితే మోగుతుందో ఆ చేతులకు తెలుసు. నైజాం రోజుల్లో ఊరి ఖాన్గీ బడిలో, అంటే పంతులు సొంతంగా నడిపే బడిలో, నాలుగు తరగతులు చదివాడు. పోలీసు చర్య అయిన ఏడు ఊళ్లో మొదటి జెండాకు గుంజ పాతింది ఆయనే. వాగు పొంగిన రోజు పెద్ద పంతులును భుజాల మీద ఎక్కించుకుని ఒడ్డు దాటించిందీ ఆయనే. ఇవన్నీ అడిగినవాళ్లకూ చెప్పేవాడు, అడగనివాళ్లకూ చెప్పేవాడు.

వీటన్నిటికన్నా పెద్దగా చెప్పుకునేది మాత్రం చాకుల సంగతి.

హనుమండ్లు తల్లికి అంతకుముందు పుట్టిన పిల్లలందరూ పురిటి మంచంలోనే పోయారు. ఆమె మళ్లీ నీళ్లోసుకున్నప్పుడు తండ్రి కొలిమి రాజేసి, దుప్పికొమ్ము పిడి వేసి, వేలెడంత మడత చాకు ఒకటి చేశాడు. బాలింత తలాపున ఇనుము పెట్టడం అన్ని ఇళ్లలో ఉన్నదే. ఒకరు కొడవలి పెడతారు, ఒకరు సూది గుచ్చుతారు. ఆయన ఈ చాకు పెట్టాడు. ఆ కానుపులో పుట్టిన పిల్లవాడు బతికి బట్టకట్టాడు. ఆ పిల్లవాడే హనుమండ్లు.

అందుకే ఆయనకు మడత చాకు అంటే ప్రాణం. ఆసిఫాబాద్ అంగట్లో కొన్నాడు. గొర్లకాపరిని బతిమాలి కంబళికి మార్చుకున్నాడు. బర్రెకొమ్ము పిడివి, ఇత్తడి పిడివి, రెండు అలుగులవి, ముక్కు వంగినవి, అన్నీ చేరాయి. భార్య కిష్టవ్వ వాటికోసం అరలు అరలుగా గుడ్డసంచి కుట్టింది. దాన్ని చుట్టి నడుముకు కట్టుకుంటే చాలు, మనిషి నడకే మారిపోయేది. ఎవరింట్లో కానుపైనా చాకు అడిగి తీసుకుపోయేవారు. పెళ్లయి దూరం పోయిన ఆడపిల్లలు కూడా మనిషిని పంపేవారు.

ఇచ్చిన చాకును తెచ్చి ఇవ్వకూడదు. అది ఆయన పెట్టిన కట్టుబాటు. క్రిస్మస్ సెలవులకు బడి మూసినప్పుడు ఆయనే ఊరూరా తిరిగి ఏరుకునేవాడు. చేతి నుంచి చేతికి చాకు అందిస్తే పగ పుడుతుందంటారు కదా, అందుకని ఇల్లాలు చాటలో జొన్నలు పోసి, వాటి మీద చాకు పెట్టి ఆయన ముందు దించేది. తర్వాత పిల్లను తెచ్చి ఆయన ఒళ్లో కూర్చోబెట్టేది. పిల్ల తల నిమిరి, అప్పుడు చాకు తీసుకునేవాడు. ఆ జొన్నలు తువ్వాలలో మూటగట్టుకునేవాడు.

“నా ఇనుము తలాపున ఉన్న పిల్ల పోయిందన్న మాట లేదు,” అనేవాడు ప్రతి ఇంట్లోనూ. దానికి ఇంకో మాట కలిపేవాడు. “తల్లి మరిచిపోయి చాకు పక్కకు పెడితే అది నా ఇనుము తప్పు గాదు.”

చైనాతో యుద్ధం వచ్చిన ఏడు ఆయన కూతురు సక్కుబాయికి తొలికానుపు. మందమర్రిలోనే కొడుకు పుట్టాడు. తాత తండ్రి పేరే, వీరయ్య, పెట్టారు. ఆ పిల్లవాడి తలాపున వేరే చాకు పెట్టడానికి హనుమండ్లుకు మనసొప్పలేదు. తండ్రి చేసిన దుప్పికొమ్ము చాకే పెట్టాడు. అయిదో నెలలో సక్కుబాయి పిల్లవాడినీ చాకునూ తీసుకుని ఇచ్చోడలోని అత్తగారింటికి వెళ్లింది. దసరాకు కిష్టవ్వ వెళ్లి కూతురిని చూసి వచ్చింది. బడి తాళాలు తన దగ్గరే ఉండటంతో ఆయన వెళ్లలేకపోయాడు. పిల్లవాడు ఎట్లున్నాడంటే, ఉన్నాడని చెప్పి ఆమె పొయ్యి దగ్గరికి పోయింది.

క్రిస్మస్ సెలవులు వచ్చాయి. హనుమండ్లు గుడ్డసంచి దులిపాడు. మనుమడి కోసం కొన్న వెండి కడియాలు అంగీ జేబులో వేసుకున్నాడు. కిష్టవ్వ గడపలో నిలబడింది.

“ఈసారి ఇచ్చోడకు పోకు. ఆసిఫాబాద్ దిక్కు చూసుకొని మర్లి రా.”

“మనుమని తలాపున ఉన్నది మా బాపు చాకు. దాన్ని ఇడిసిపెట్టి మిగిలినయి తెచ్చుడేందే?”

“ఎండకాలం పోవచ్చు గద.”

“ఎండకాలం దాక వాడు నడుస్తడు. ఒళ్లె కూసుంటడా అప్పుడు?”

కిష్టవ్వ దారికి కట్టిన సద్దిలో ఎప్పుడూ కూతురి కోసం పెట్టే సకినాలు లేవు. ఆయన అది మరుపే అనుకున్నాడు.

రైలు దిగి, ఆసిఫాబాద్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగాడు. ఇంటింటా చాట, ఇంటింటా ఒళ్లో పిల్ల. ఒకడు అంగీ తడిపాడు. ఒకతి చూడగానే ఏడుపు అందుకుంది. సంచి అరలు ఒక్కొక్కటే నిండాయి. ఆసిఫాబాద్ దాటాక వాగు పక్కన ఒక చిన్న ఊరుంది. అక్కడ కొమురవ్వ అనే పిల్ల వానాకాలంలో తొలిచూలు కన్నది. ఆమె భర్త మందమర్రి బావిలో పనిచేస్తాడు, చాకు తెచ్చిందీ అతడే.

కొమురవ్వ చాట దించింది. అందరికన్నా ఎక్కువ జొన్నలు పోసింది. తర్వాత పిల్లవాడిని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. వాడు ఒళ్లో ఆగలేదు. ఆయన మీసం పట్టుకుని లేచి నిలబడ్డాడు. నోట్లో నాలుగు పళ్లున్నాయి.

“చూసినవా బిడ్డా,” అన్నాడు హనుమండ్లు పొంగిపోతూ. “వానకాలం పుట్టినోడు గప్పుడే నిలవడ్డడు. నా ఇనుము బలం అట్లుంటది. వచ్చే ఏడు వీన్ని బడికి తోలు, గంట నేనే కొడ్త.”

కొమురవ్వ కొంగు నోట్లో కుక్కుకున్నది. అది నవ్వే అనుకున్నాడాయన. దడి పక్కన నిలబడ్డ పొరుగింటామె చేతులు చాపగానే పిల్లవాడు ఆమె మీదికి దుమికాడు. బాగా చేరికైన పిల్లాడు అనుకుని, ఆయన జొన్నలు మూటగట్టుకుని బయలుదేరాడు.

కొంత బండి మీద, కొంత బస్సులో, కొంత నడిచి ఇచ్చోడ చేరేసరికి పొద్దు వాలింది. సక్కుబాయి కల్లంలోంచి జొన్నకంకుల తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్నది. తండ్రిని చూసి ఆగింది. తట్ట దించి, కాళ్లకు నీళ్లిచ్చి, లోపలికి పోయింది. హనుమండ్లు అరుగు మీద కూర్చుని తువ్వాల తొడల మీద పరిచాడు. జేబులోంచి కడియాలు తీసి పిడికిట్లో పట్టుకున్నాడు.

ఆమె చాట తెచ్చి దించింది. జొన్నల మీద దుప్పికొమ్ము చాకు ఉన్నది. ఆముదం రాసి రాసి అలుగు అద్దంలా మెరుస్తున్నది.

ఆయన ఒడి చాపి చూస్తూ కూర్చున్నాడు. ఆమె లోపలికి పోలేదు. చాట పక్కనే కూలబడింది.

“పిల్లగాడేడి బిడ్డా?”

గడప దగ్గర నుంచి సక్కుబాయి అత్త భూమవ్వ చెప్పింది.

“దసరాకు ముంగట పోయిండన్నా. జరం. మూడొద్దులు ఆగలే. నీ ఇంటామెకు ఎరికే. ఆమె వచ్చి పోయింది గందుకే.”

హనుమండ్లు పిడికిట్లోని కడియాలు మెల్లగా తువ్వాల కింద దాచాడు.

“నాకెందుకు చెప్పలే?”

“చాకు తలాపుననే ఉండె బాపు,” అన్నది సక్కుబాయి. “ఒక్క పూట తియ్యలే. ఆముదం రాసుడు మరువలే. వాడు పోయినంక గూడ రాస్తనే ఉన్న.”

“నిన్ను ఎవలేమన్నరు బిడ్డా?”

“నువ్వే అంటవు గద. నీ ఇనుము తప్పదని ఊరూరికి చెప్తివి. ఇనుము తప్పకపోతే తప్పు తల్లిదే గద బాపు.”

జెండా గుంజ పాతిన మనిషి, వాగు దాటించిన మనిషి, కూతురి ముందు తల ఎత్తలేకపోయాడు. భూమవ్వ వచ్చి చెంబు నీళ్లు పక్కన పెట్టింది. ఆమె మాటలో కోపం లేదు.

“నీకు చెప్పనోళ్లం మేమొక్కలమే అనుకోకన్నా. నువ్వు వచ్చే యాళ్లకు పక్కింటి పిల్లను తెచ్చి ఒళ్లె పెట్టి తోలిన ఇండ్లు ఉన్నయి. మాకూ చెప్పిన్రు, అట్ల చెయ్యుమని. సక్కు ఒప్పుకోలే.”

నాలుగు పళ్ల పిల్లవాడు, దడి పక్కన చాపిన చేతులు, నోట్లో కుక్కుకున్న కొంగు, అన్నీ ఒక్కసారి కళ్లముందుకు వచ్చాయి.

ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. తెల్లవారాక చాకు తీసుకోబోయి ఆగి, కూతురి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచాడు. నీ తప్పు లేదు బిడ్డా, ఇనుముకు ఏం తెలుస్తది, అన్నాడు. చాకు తీసి సంచిలో పెట్టి నడుముకు కట్టాడు. జొన్నలు మాత్రం చాటలోనే వదిలేశాడు.

అక్కడి నుంచి తిన్నగా మందమర్రి పోవలసిన మనిషి, వచ్చిన దారినే వెనక్కి మళ్లాడు. వాగు పక్కన ఊరు చేరేసరికి కొమురవ్వ వాకిలి ఊడుస్తున్నది. ఆయనను చూసి చీపురు జారవిడిచింది. ఏదో మరిచిపోయి వచ్చాడనుకున్నదేమో, ఆదరాబాదరా దడి దిక్కు నడిచింది. అప్పటికే పొరుగింటామె పిల్లవాడిని చంకనెత్తుకుని అక్కడికి వచ్చి నిలబడింది.

“వాన్ని తేకు బిడ్డా,” అన్నాడు హనుమండ్లు. అరుగు ఎక్కలేదు. వాకిట్లో మట్టిమీదనే కూర్చున్నాడు. “నా మనుమడు పోయిండు. దుప్పికొమ్ము చాకు వాని తలాపుననే ఉండె.”

కొమురవ్వ దడి దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది.

“నీ పిల్లగాని పేరేంది?”

పొరుగింటామె తన పిల్లవాడిని తీసుకుని లోపలికి పోయింది. కొమురవ్వ ఆయనకు ఎదురుగా నేల మీద కూర్చున్నది.

“లింగయ్య,” అన్నది. చాలా రోజులుగా ఆ పేరు ఎవరూ అడగలేదేమో, మళ్లీ అన్నది. “లింగయ్య, కాకా. కుడి చెవు మీద పుట్టుమచ్చ ఉండె.”

హనుమండ్లు సంచి విప్పి పక్కన పెట్టాడు. ఆమె చెబుతూ ఉంటే వింటూ కూర్చున్నాడు.