ఖాలా ఇంటి బండల కింద వెదురు

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఛాతీ ఎత్తు గోడ ఒక్కటే అడ్డం. పక్కింట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉంటుంది. ఆమెను నేను పిన్ని వరసగా ఖాలా అంటాను. మేము పైన గది వేసుకుని బయట మెట్లు కట్టించుకున్నాక, ఎక్కినా దిగినా ఆమె వాకిలంతా మాకు కనిపించేది.

"జర ఏదన్న అడ్డం పెట్టు బేటా. బట్టలు పిండుకోవాలన్నా శరమైతుంది" అంది ఒకరోజు.

నాకు అప్పటికే వెదురు పిచ్చి పట్టుకుంది. గేటు పక్కన పసుపు బొంగు మీద ఆకుపచ్చ చారలుండే రకం, బోరు దగ్గర కణుపుల మధ్య కుండలా ఉబ్బే రకం పెంచుతున్నాను. రెండూ పెట్టిన చోటే పొదలా పెరిగేవి. ఏడాదికోసారి లోపలి ముదురు బొంగులు కోసేస్తే చాలు. గోడ వెంట మాత్రం ఫోన్‌లో ఫోటో చూసి సన్నబొంగుల కొత్త రకం తెప్పించాను. త్వరగా దట్టంగా అల్లుకుంటుందని రాశారు. భూమిలోపల ఏం చేస్తుందో నేను అడగలేదు.

మూడో వానాకాలానికి గోడ మీద పచ్చటి తెర నిలిచింది. ఆ ఏడే ఖాలా, కూతురి కాన్పుకని బోధన్ వెళ్లింది. కోళ్లకు నూకలు వేయమని, మల్లెకు నీళ్లు పోయమని ఇల్లు నాకు అప్పజెప్పింది.

నాలుగు రోజులు వాన పడి తెరిపిచ్చిన పొద్దున, ఆమె స్నానాలగదిలో బకెట్ తీసుకోబోయి ఆగిపోయాను. రెండు బండల సందులో గోధుమరంగు మొన ఒకటి లేచి ఉంది. పెన్ను మూతంత. వంగి చూస్తే పక్క బండ కూడా ఒక మూల కొంచెం పైకి లేచింది. కొడవలి తెచ్చి మొనను కోసేశాను. మర్నాటికి దాని పక్కనే ఇంకొకటి. మూడోనాడు పొయ్యి గది గడప దగ్గర.

స్కూల్లో పిల్లలకు లెక్క చెబుతూ కూడా నేను ఆ బండల గురించే ఆలోచించేదాన్ని. ఇప్పుడు ఎంత లేచి ఉంటుంది, గోడ పునాది కింద ఇంకెంత దూరం పోయి ఉంటుంది? సాయంత్రం బస్సు దిగగానే మా ఇంటికి కాదు, నేరుగా ఆమె ఇంటికే వెళ్లేదాన్ని.

ఖాలా రోజూ ఫోన్ చేసేది. "ఇల్లు ఎట్లుంది బేటా?"

"మంచిగుంది ఖాలా."

ఫోన్ పెట్టేసి ఆ బండల దగ్గరికే వెళ్లేదాన్ని. అయినా మర్నాడు మళ్లీ అదే మాట.

మా ఆయన పసుపు కమీషన్ దుకాణంలో గుమాస్తా. "గడ్డి మందు కొడితే అయిపాయె, గింత ఫికర్ ఎందుకు?" అన్నాడు. ఆ వాకిట్లో కోళ్లు తిరుగుతాయి. నాకు మనసొప్పలేదు.

చివరికి సంత దగ్గర గంపలు, చాటలు అల్లి అమ్మే మేదరి ఆవిడను బతిమాలి తీసుకొచ్చాను. ఆమె ముందు గేటు దగ్గరి పొదను, బోరు దగ్గరి పొదను చూసింది. గోడ దగ్గరికొచ్చి గడ్డపారతో మట్టి తవ్వి, వేలెడు మందం పసుపుపచ్చ వేరు ఒకటి పైకి లాగింది.

"గా రెండు నిలబడ్డ కాడ్నే ఉంటయమ్మా. గిది ఉరికే జాతి. మోకాలి లోతు కాల్వ తీసి, వేరు ఎంబడి పోయి తెంపాలె. ఒక్క ముక్క మిగిలినా మళ్ల లేస్తది."

రెండు రోజులు ఆమె, నేను కలిసి తవ్వాం. మా వైపు గోడ వెంట కాల్వ తీసి, దొరికిన వేర్లు తెంపాం. వేర్లు పునాది కిందుగా ఖాలా ఇంట్లోకే పోయాయి. "బండలు లేపాలె" అందామె. ఖాలా రావడానికి ఇంకా పదకొండు రోజులున్నాయి. లేపి, తీసి, మళ్లీ పరిపించేస్తే ఆమెకు తెలియదు. ఆ ఆలోచన నాకు వచ్చిందని ఒప్పుకుంటాను. ఒక మేస్త్రీతో మాట్లాడాను కూడా. కానీ తన ఇంటి నేలను ఆమెకు చెప్పకుండా తవ్వించడం నావల్ల కాలేదు. ఆ సాయంత్రం నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను.



"రోజు మంచిగుంది మంచిగుంది అంటివి గదా" అంది ఖాలా.

"భయమైంది ఖాలా."

"గా బండలు మీ ఖాలూ తన చేతులతోని పరిచిండు. నేనొచ్చేదాంక ముట్టకు."

చనిపోయిన ఆమె భర్త మేస్త్రీ అని నాకు తెలుసు. ఆ నేల ఆయన పరిచిందని తెలియదు. ఆ పదకొండు రోజులు మొనలు కోస్తూ, బండ ఎక్కడ పగులుతుందో అని వేళ్లతో తడుముతూ గడిపాను.

ఖాలా వచ్చింది. నన్ను పలకరించలేదు. మేస్త్రీని, మేదరి ఆవిడను పిలిపించి, గుమ్మంలో కుర్చీ వేసుకు కూర్చుని, ఒక్కో బండ మీద సుద్దముక్కతో నంబరు వేయించింది. ఏ బండ చోటుకు ఆ బండే రావాలంది. మొదటి నాలుగు బాగానే లేచాయి. ఐదోది వేరు బిగుసుకుని రెండు ముక్కలైంది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. ఆమె లేచి పొయ్యి గదిలోకి వెళ్లింది. కాసేపటికి మేస్త్రీకీ, మేదరి ఆవిడకూ, నాకూ చాయ్ తెచ్చి పెట్టింది. నా కప్పు మాత్రం చేతికివ్వకుండా గట్టు మీద పెట్టింది.

సాయంత్రానికి చాపంత మేర వేరు కట్టలుగా బయటపడింది. బండలన్నీ వాటి చోట్లకు వెళ్లాయి. పగిలినదాన్ని సిమెంటుతో అతికారు. గోడ వెంట ఉన్న వెదురంతా తీసేయించాను. ఆమె తన వైపు అడ్డంగా రేకులు కట్టించుకుంది.

నెలరోజులకు పైగా మా మధ్య అవసరానికి మించి మాటల్లేవు. తర్వాత నెమ్మదిగా కలిశాయి.

ఈ ఏడు తొలి వానలకు ఆమే గోడ అవతలి నుంచి పిలిచింది. "బేటా, ఒకటి లేచింది, వచ్చి చూడు."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. గడప పక్కన పచ్చగా ఏదో మొలిచింది. వేళ్లతోనే తవ్వాను. గరిక.

"గరికే ఖాలా" అన్నాను.

"సరిగ్గ చూడు" అంది. ఇద్దరం అక్కడే కూర్చుని వేరు కొస దాకా తవ్వి చూశాం.