మా పికప్పుకు పెద్ద టైర్లు వేయించిన ఏడాది

మధురానగర్‌లో మేముండే ఇంటి నుంచి అమీర్‌పేటలో మా ఆయన పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరుకు నడిచి వెళ్ళిపోవచ్చు. దారిలో ఆగి టీ తాగి, తీరిగ్గా వెళ్ళినా క్లాసు అందుకోవచ్చు. అందుకే కాబోలు, మా ఆయన ఒక పికప్ ట్రక్కు కొన్నాడు. ముందు ఐదుగురు కూర్చునే క్యాబిన్, వెనక సామాన్లకు పెద్ద తొట్టి. ఆ తొట్టిలో మేము ఏం సామాను మోయబోతున్నామో నాకు ఇప్పటికీ తెలియదు. ఒకసారి కొత్తిమీర కట్టలూ కొబ్బరికాయలూ వేసుకొచ్చాం. కాయలు తొట్టంతా దొర్లి, ఇల్లు చేరేసరికి ఒకటి పగిలిపోయింది. కొట్టే శ్రమ తప్పింది కదా అన్నాడు.

ఆయనది కోస్తా. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పుతాడు. అంటే ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు ఎలా పట్టుకోవాలో, ఉద్యోగాల కోసం ఎస్.ఆర్. నగర్ హాస్టళ్ళలో దిగిన పిల్లలకు చెబుతాడు. నేను సనత్‌నగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. పంజాగుట్టలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తాను. పొద్దున ల్యాబు తెరవగానే మేము చేసే మొదటి పని, మిషన్లు నిజం చెబుతున్నాయో లేదో చూడటం. విలువ ముందే తెలిసిన నమూనా ఒకటి పెడతాం. అంతే చూపిస్తే సరి, లేదంటే మిషన్‌ను సరిచేశాకే రోగుల రక్తం ముట్టుకుంటాం. తప్పులు పట్టేవాడొకడు, కొలతలు సరిచూసేదొకతె. అలాంటి ఇంట్లో ఒక మీటరు అన్ని నెలలు తప్పు చూపిస్తూ బతికిందంటే, దాని తెలివిని మెచ్చుకోవాలి.

బండి కొన్న కొత్తలో బాగానే ఉండేది. ఆయన ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాకే దానిలో లోపాలు బయటపడ్డాయి. ఆ వీడియోల్లో మనుషులు ఇలాంటి బండ్లలోనే వాగులు దాటుతుంటారు, రాళ్ళ గుట్టలెక్కుతుంటారు.

"చూడు, మన టైర్లు ఎంత సన్నగా ఉన్నాయో! బండి పైన పులిలా ఉంది, కింద పిల్లిలా ఉంది," అన్నాడు ఒకరోజు.

"పిల్లయితేంది? అమీర్‌పేట చౌరస్తల నిజం పిల్లి గూడ మనకంటే ముందుగాల పోతది," అన్నాను.

నాకు అభిరుచి లేదన్నట్టు చూశాడు. ఆ ఆదివారమే నన్ను కూడా వెంటబెట్టుకుని సనత్‌నగర్ దారిలో ఒక టైర్ల షాపుకు తీసుకెళ్ళాడు. షాపాయన మా బండి చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చనివాడిలా మొహం పెట్టాడు.

"అన్నా, గీ పెద్ద సైజు ఎక్కిస్తే బండి లుక్కే మారిపోతది. మస్తుంటది. రోడ్డు మీద అందరు పక్కకు జరుగుతరు."

"మైలేజీ తగ్గుతదా?" అని నేను అడిగాను.

"జర తగ్గుతది అక్కా. స్పీడ్ మీటరు సుత జర అటిటు అయితది. గవన్నీ ఫికర్ చేసేటోళ్ళు గిసొంటి బండి కొనరు గదా."

పాపం, ఆయన ఏదీ దాచలేదు. మా ఆయనకు మాత్రం అందులో 'మస్తుంటది' అన్న మాట ఒక్కటే వినపడింది.

పెద్ద టైర్లు ఎక్కాయి. పాతవి షాపాయనే తీసేసుకున్నాడు. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్కుకు రాసుకుని గర్రుమనేది. ఆ ప్లాస్టిక్కును కొంచెం కోసేశారు. ఆ తరవాత గర్రు తగ్గి గుర్రు మిగిలింది. మా వీధి మలుపులో ప్రతి సాయంత్రం ఆ గుర్రు వినపడితే, మా ఆయన ఇంటికొస్తున్నాడని వీధంతటికీ తెలిసేది.

మా అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ వారం వారం పంజాగుట్టలో ఉన్న వాళ్ళక్కగారింటికి వెళ్తారు. టైర్లు మారాక మొదటిసారి బండి ముందు నిలబడి తల పైకెత్తి చూశారు.

"ఏంట్రా ఇది? ఏనుగెక్కినట్టుంది. నేను లోపలికి ఎలా వెళ్ళాలి?"

"అలవాటైపోతుందమ్మా."

"ఎవరికి? నా మోకాళ్ళకా?"

దానికి జవాబుగా ఆయన ఎర్ర ప్లాస్టిక్ స్టూలు ఒకటి కొనుక్కొచ్చాడు. అది నేలమీద పెట్టాలి, అత్తగారు దాని మీదికి ఎక్కాలి, అక్కణ్ణుంచి సీటులోకి పాకాలి. ఆవిడ సర్దుకున్నాక నేను స్టూలు తీసి వెనక తొట్టిలో వేసి, చెయ్యి దొరికిన చోట పట్టుకుని వేలాడుతూ ఎక్కాలి. ఎట్టకేలకు ఆ తొట్టికి మొయ్యడానికి ఒక సామాను దొరికింది. దిగేటప్పుడు ఇదంతా వెనక నుంచి ముందుకు. పంజాగుట్ట రోడ్డు పక్కన మేము ఈ తతంగం జరుపుతుంటే, వెనక ఆగిన ఆటోలూ బస్సులూ హారన్లతో మంగళవాద్యాలు వాయించేవి.

ఇక డీజిలు సంగతి. బరువైన టైరును కదిలించడానికి ఇంజను ఎక్కువ కష్టపడాలి. హైవే మీదైతే ఒకసారి కదిలిస్తే అలా పోతుంది. అమీర్‌పేటలో మెట్రో స్టేషను కింద పది అడుగులకోసారి ఆగి, మళ్ళీ కదలాలి. దానికి తోడు చక్రం పెద్దదవడంతో బండి ఇదివరకటి గేరులో లాగలేక మూలిగేది. ఆయన కింది గేరులోనే ఉంచి ఇంజనును అరిపించేవాడు. బంకుకు వెళ్ళడం ఎక్కువైంది. దానికి కారణాలు వరసగా కనిపెట్టాడు. బంకువాడు కల్తీ చేస్తున్నాడన్నాడు, బంకు మార్చాడు. ఏసీ అన్నాడు, అద్దాలు దించి మమ్మల్ని ఉడికించాడు. చివరికి నా వైపు చూసి, "ఈమధ్య నువ్వు కాస్త..." అని ఆగాడు. ఆగడం మంచిదైంది.

"టైర్లు గాదా?" అన్నాను.

"టైర్లకూ డీజిలుకూ ఏంటి సంబంధం? టైరు డీజిలు తాగుతుందా?"

తప్పులు పట్టడం నేర్పే మాస్టారు మరి.

అసలు కథ విజయవాడ వైపు వాళ్ళ చుట్టాల గృహప్రవేశానికి వెళ్ళినప్పుడు జరిగింది. ఊరు దాటి రోడ్డు ఖాళీగా కనపడగానే ఆయన మొహం వికసించింది. అత్తగారు ముందు సీటులో ఒళ్ళో జంతికల డబ్బా పెట్టుకుని కూర్చున్నారు. నేను వెనక సీటులో ఉన్నాను. మేము ఒక్కొక్క కారునే దాటుకుంటూ పోతున్నాం.

"ఇవాళ ఏంటో అందరూ మరీ నిదానంగా పోతున్నారు," అన్నాడు. మీటరు తొంభై చూపిస్తోంది. హద్దులోనే ఉన్నామన్న ధీమా ఆయన భుజాల్లో కనపడుతోంది.

నా చేతిలో ఫోను ఉంది. దారి చూపే మ్యాపులో ఓ మూల వేగం కూడా కనపడుతుంది. అది తొంభై తొమ్మిది అంటోంది. కాసేపు చూశాను. మీటరు ఎనభై అంటే ఫోను ఎనభై ఎనిమిది అంది. ల్యాబులో మిషన్ ఇలా చూపిస్తే ఆ రోజు ఒక్క రిపోర్టు కూడా బయటికి పోదు.

"జర మెల్లగ పో. నీ మీటరు తక్కువ సూపిస్తున్నది."

"నీ ఫోనే తప్పు. సిగ్నల్ సరిగా లేక అలా చూపిస్తుంది. కంపెనీవాళ్ళు పెట్టిన మీటరు తప్పు చెబుతుందా?"

"కంపెనోళ్ళు పెట్టిన టైర్లు ఏవి మరి?"

"అబ్బా, గొడవపడకండర్రా," అంటూ అత్తగారు ఆయనకు జంతిక అందించారు. సరిగ్గా అప్పుడే ఎక్కడో కెమెరా మమ్మల్ని ఫొటో తీసిందని తరవాత తెలిసింది.

గృహప్రవేశం బాగా జరిగింది. వచ్చిన వాళ్ళంతా ఇంటికంటే మా టైర్లనే ఎక్కువ చూశారని ఆయనకు సంతోషం. తిరిగొచ్చిన కొన్నాళ్ళకు ఫోనుకు చలాను వచ్చింది. అందులో మా బండి, దాని వేగం, అద్దంలోంచి మా అత్తగారు జంతిక పట్టుకుని చెయ్యి చాపడం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"ఫొటోలో నేను బాగానే పడ్డాను కదే అమ్మాయ్," అన్నారు అత్తగారు.

ఆయనకు మాత్రం కోపం వచ్చింది. తాను హద్దు దాటలేదని నిరూపిస్తానన్నాడు. నిరూపించడం ఆయన వృత్తి. రెండు సాయంత్రాలు కూర్చుని, ఒక దూరం మ్యాపులో కొలిచి, అదే దూరం బండిలో తిరిగొచ్చి, బండి మీటరు తక్కువ దూరం చూపిస్తోందని కనిపెట్టాడు. ఉత్సాహంగా నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. మీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో మాత్రమే లెక్కపెడుతుందట. ఒక్క తిప్పుకు బండి ఎంత దూరం పోతుందో కంపెనీలోనే దానికి చెప్పి పంపుతారట. ఇప్పుడు చక్రం పెద్దది కాబట్టి ఒక్క తిప్పుకు ఎక్కువ దూరం పోతున్నామట. ఆ సంగతి తెలియని మీటరు పాత లెక్కే చూపిస్తోందట.

"అంటే నేను చెప్పిందే గదా?"

"నువ్వు ఊరికే అన్నావు. నేను నిరూపించాను. ఇంకోటి తెలుసా? దూరం కూడా తక్కువ చూపిస్తోంది కాబట్టి, మనం అనుకున్నంతగా మైలేజీ పడిపోలేదు!"

మీటరు తప్పని తెలిసి పండగ చేసుకున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. మైలేజీ అనుకున్నంత పడిపోలేదు, నిజమే. పడిపోవడం మాత్రం పడిపోయింది. ఆ లెక్కన చూసినా టైర్లు డీజిలు తాగుతూనే ఉన్నాయి.

మర్నాడు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని ట్రాఫిక్ పోలీసుల ఆఫీసుకు బయలుదేరాడు. ఏమవుతుందో చూద్దామని సెలవు పెట్టి మరీ వెంట వెళ్ళాను. అక్కడి అధికారి ఓపికగా అంతా విన్నాడు. ల్యాప్‌టాప్‌లో ఆయన గీసిన బొమ్మలు చూశాడు. తల కూడా ఊపాడు.

"మంచిగ చెప్పిన్రు సార్. సమజైంది. మీటరు తప్పు సూపించింది, మీరు కావాలని చేయలే."

"అదేనండీ!"

"మరి గా పెద్ద టైర్లు ఎవరు ఎక్కించిన్రు?"

"నేనే."

"కంపెనీ సైజు గాదా?"

"కాదండీ, దానికంటే చాలా పెద్దవి. అందుకే కదా మీటరు..."

"అంటే బండిని ఇష్టమొచ్చినట్టు మార్చిన్రని మీరే చెప్తున్నరు. దానికి వేరే కేసుంటది సార్. రాసుకోమంటరా?"

మా ఆయన నోరు తెరిచి, మూసి, ల్యాప్‌టాప్ కూడా మూశాడు. "ఒద్దు సార్, గా మొదటిదే కడతం," అని నేనే ఆయన్ని బయటికి తీసుకొచ్చాను. బయట మెట్ల మీద ఆగి, "వాళ్ళకు లాజిక్ లేదు," అన్నాడు.

అయినా టైర్లు తీయలేదు. మీటరు పక్కన ఒక కాగితం ముక్క అంటించాడు. చూపించిన అంకెకు పదోవంతు కలుపుకోవాలని రాశాడు. ఆ రోజు నుంచి మా బండి నడపాలంటే డ్రైవింగుతో పాటు లెక్కలు కూడా రావాలి. సిగ్నలు దగ్గర ఆగినప్పుడు మాత్రం హాయి. సున్నాకు పదోవంతు కలిపినా సున్నాయే. మేము అమీర్‌పేటలో ఎక్కువసేపు ఉండేది ఆ అంకె దగ్గరే కాబట్టి మీటరు చాలావరకు నిజాయితీగానే ఉందని ఆయన వాదన.

ఆ వాదన మా అత్తగారు కింద పడిన రోజున ఆగిపోయింది. పంజాగుట్టలో వాళ్ళక్కగారి వీధి మలుపులో, మోరీ మీద, అంటే మురుగు కాలువ మీద, కప్పిన పలక ఒకటి కదులుతోంది. స్టూలు దాని మీద పెట్టామని నేను గమనించలేదు, ఆయనా గమనించలేదు. ఆవిడ దిగుతూ కాలు పెట్టగానే స్టూలు పక్కకు ఒరిగింది. నేను చెయ్యి అందుకునేలోపే ఆవిడ రోడ్డు మీద కూలబడ్డారు. ఒక్క కేక వేసి, తరవాత ఏమీ అనకుండా మడమ పట్టుకుని కూర్చున్నారు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను అంతకుముందు చూడలేదు. నాకు భయం వేసింది.

ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆ బండి ఎక్కించలేక ఆటో పిలిచాం. ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. బెణుకు, కట్టు, విశ్రాంతి. మా ఆయన అంతసేపూ ఆవిడ చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాడు. అది చేతిలో ఉందన్న ధ్యాస కూడా ఆయనకు లేదు.

మర్నాడు పొద్దున క్లాసు మానేసి ఒక్కడే వెళ్ళి కంపెనీ సైజు టైర్లు వేయించుకొచ్చాడు. షాపాయన ఏమన్నాడని అడిగాను. "'అన్నా, గిప్పుడు బండి మస్తు నీట్‌గ కనిపిస్తది' అన్నాడు," అని మొహం తిప్పుకుని చెప్పాడు. మైలేజీ మళ్ళీ పాత చోటికి వచ్చింది. మీటరు, ఫోను దాదాపు ఒకే మాట మీద నిలబడ్డాయి. కాగితం పీకేశాడు, దాని జిగురు మరక మాత్రం ఉండిపోయింది.

కట్టు విప్పాక అత్తగారిని మళ్ళీ వాళ్ళక్కగారింటికి బయలుదేరదీశాం. ఎవరి సాయం లేకుండా ఎక్కి కూర్చున్నారు. ఆయన మొహంలో తృప్తి. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కేదాకా ఆవిడ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు. తరవాత అడిగారు.

"ఏంట్రా, ఏమీ కనపడట్లేదు?"

"ఏం కనపడాలమ్మా?"

"ఇదివరకు ఈ గోడ మీంచి అవతల డాబాలన్నీ కనపడేవి కదరా. ఒకావిడ ఎప్పుడూ వడియాలు పెట్టుకునేది. పక్కన బస్సులో ఎవరి ఒళ్ళో ఏముందో కూడా కనపడేది. నాకు జీవితంలో ఏనాడన్నా అంత ఎత్తున కూర్చునే యోగం పట్టిందా? బాగుండేది."

"పడి కాలు బెణికింది కదమ్మా!"

"పడితే పడ్డాను. దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

ఆయన అద్దంలోంచి నా వైపు చూశాడు.

"నన్ను సూస్తవేంది? నువ్వే జెప్పు," అన్నాను.

ఆయన మరుసటి వారం ఒక దళసరి మెత్త తెచ్చి ముందు సీటులో వేశాడు. ఇప్పుడు ఆవిడ దాని మీద కూర్చుంటున్నారు. గుంత వచ్చినప్పుడల్లా తల పైకప్పుకు తగులుతుంది. "మెల్లగా పోనివ్వరా," అని అరుస్తారు గానీ, ఆ మెత్తను మాత్రం తీయనివ్వరు.