డ్రైవర్‌తో మాట్లాడరాదు

మా వీధి ఇరుకు. నెల మొదటి సగం బేసి నంబరు ఇళ్ల వైపు, రెండో సగం సరి నంబరు ఇళ్ల వైపు కార్లు పెట్టాలి. వైపు మారే రోజున సాయంత్రం ఏడున్నరకూ ఎనిమిదికీ మధ్యనే మార్చుకోవాలి. ముందు మార్చినా తప్పే, తర్వాత మార్చినా తప్పే. ఆ అరగంటా పొయ్యి మీద సూపు వదిలేసి, ఇంటి చెప్పులతోనే అందరం రోడ్డెక్కుతాం. ఈ చట్టం రాసినవాడు జన్మలో గరిటె పట్టుకుని ఉండడు.

మా ఎదురింటి ఒడిల్ ప్రాణం తోడేసింది ఆ అరగంటే. ఆమె భర్త ఫిర్మిన్ రిటైరయ్యేదాకా సిటీ బస్సు నడిపాడు. బస్సులో ఆయన తల పైన "డ్రైవర్‌తో మాట్లాడరాదు" అన్న బోర్డు ఉండేది. సొంత కారులో బోర్డు లేదు గానీ రూలు అదే. పెళ్లయిన కొత్తలో ఒడిల్ దారిలో ఏదో అడగబోతే, ప్రయాణికులు నడిపేవాడి ధ్యాస చెడగొట్టకూడదన్నాడట. అప్పటి నుంచి ఆమె బెల్టు పెట్టుకుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కిమ్మనకుండా కూర్చునేది. ఓస్టెండ్ సముద్రానికి వెళ్లొచ్చినా అంతే. దారిలో ఏం చూసిందో, ఏమనిపించిందో ఇంటికొచ్చాక నాకు చెప్పుకునేది.

"అదేం కాపురమే తల్లీ?" అన్నానొకసారి.

"మంచివాడేనే. చేతిలోకి తాళం వస్తేనే అలా అయిపోతాడు" అంది.

తర్వాత ఫిర్మిన్ చూపు మధ్యలో మసక కమ్మింది. ఇక నడపొద్దని కంటి డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. ఆయన మానేశాడు కూడా, ఈ అరగంట తప్ప.

"ఈ పక్కది ఆ పక్కన పెట్టడం నడపడమా? జరపడం, అంతే" అనేవాడు.

మా పేట పోలీసు యోస్ నచ్చజెప్పి చూశాడు. "అన్నా, ఇంజను తిరిగితే నడపడమే. చట్టం దూరం కొలవదు."

"ఆ తాళం ఇలా పడెయ్, నేను మారుస్తా" అని నేనూ అడిగాను.

"నీ పార్కింగు చూశాంలే అర్లెట్. తాగొచ్చినట్టు నిలబడుతుంది నీ బండి."

కారు అమ్మేద్దామని ఒడిల్ అంటే అలిగి భోజనం మానేశాడు. ఆమెకు నడపడం రాదు. అందుకని వైపు మారే ప్రతిసారీ వచ్చి ఆయన పక్కన కూర్చునేది. ముందు రాత్రి నిద్ర ఉండేది కాదు, కళ్ల కింద నల్లటి చారలు పడ్డాయి. "ఎవరినైనా గుద్దేస్తాడేమోనే. నేను పక్కనుండి మాత్రం ఏం చేస్తాను? నోరెత్తను కదా" అంది. నాకు ఆమెను చూస్తే జాలీ, కోపమూ రెండూ వచ్చేవి.

నవంబరు ఆఖరి సాయంత్రం వాన పడుతోంది. కార్లన్నీ మా వైపుకి వచ్చేశాయి, ఫిర్మిన్‌ది తప్ప. మా గుమ్మం ముందు ఒక్క ఖాళీ ఉంది. అందులో పక్కింటి వేర్లె సరుకుల సంచి చిరిగి, నల్లకోటు తడుస్తుండగా గొంతుక్కూర్చుని బంగాళాదుంపలు ఏరుకుంటోంది. ఫిర్మిన్ అద్దాలు సర్దుకుని, బెల్టు బిగించుకుని, నేరుగా ఆ ఖాళీలోకే వెనక్కి రావడం మొదలుపెట్టాడు.

నేను అరిచేలోపు కారులోంచి ఒడిల్ గొంతు వినిపించింది.

"ఆపు!"

బండి ఆగింది. వేర్లె భుజానికీ బంపరుకీ మధ్య జానెడు లేదు.

ఫిర్మిన్ కిటికీ దించాడు. "ఎవరక్కడ?"

"వేర్లె" అంది ఒడిల్. "కనబడలేదా?"

"చెత్త సంచి అనుకున్నాను."

వెనక ఎవడో హారన్ కొడుతున్నాడు. ఒడిల్ ఆగలేదు. "నేను అలిసిపోయాను ఫిర్మిన్. ఇన్నేళ్లూ నీ పక్కన నోరు కుట్టుకుని కూర్చుని అలిసిపోయాను. దిగు."

ఆయన దిగాడు. నేను దగ్గరికి వెళ్లేసరికి, నా చేయి వెతుక్కుని తాళం అందులో పెట్టాడు. ఇంట్లోకి పోతాడనుకున్నాను. వెనక తలుపు తీసి కూర్చుని, తడుముకుంటూ బెల్టు పెట్టుకున్నాడు.

వేర్లె దుంపలు తీసుకుని పక్కకు తప్పుకుంది. నేను స్టీరింగు పట్టాను. ఆ పాత క్లచ్చి నా మాట వినలేదు. ఇంజను రెండుసార్లు ఆగిపోయింది, చక్రం పేవ్‌మెంటు ఎక్కి దిగింది. పక్క సీట్లో ఒడిల్ మాత్రం గట్టు తెగినట్టు మాట్లాడుతూనే ఉంది. సముద్రం దగ్గర తను ఐస్‌క్రీం అడగాలనుకున్న రోజూ, దారిలో కడుపునొప్పి పళ్లబిగువున ఓర్చుకున్న రోజూ, అన్నీ బయటికొచ్చాయి.

కారు వంకరగానే నిలబడింది. తిట్లు తినడానికి సిద్ధపడి వెనక్కి తిరిగాను. "ఏం ఫిర్మిన్, బాగానే పెట్టానా?"

ఆయన చెంపలు తడిసి ఉన్నాయి. టోపీ ఒళ్లో పెట్టుకుని తిన్నగా ముందుకు చూస్తూ కూర్చున్నాడు. డ్రైవరు సీట్లో ఇంకా నేనే ఉన్నాను కాబట్టి, ఒక్క మాట మాట్లాడలేదు.