ఆ కంప్యూటరు ఖాళీగా రాలేదు

నాలుగేళ్లుగా నా గుండెల మీద ఒక కంప్యూటరు కూర్చుని ఉంది. మాటవరసకు అనడం లేదు. నల్ల రేకు డబ్బా, ముందు బటన్ పక్కన గీత, లోపల ఫ్యాన్‌కు చుట్టుకున్న ఎర్ర జరీ దారం. తింటున్నా అక్కడే ఉంటుంది, నవ్వుతున్నా అక్కడే ఉంటుంది. ఈ రోజు దించేస్తాను.

ఎలా దించాలో నిన్నటిదాకా తెలియలేదు. నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. అక్షరాలు కూడబలుక్కుంటాను, రాయడం రాదు. రాయించుకోవాలంటే ఇంకొకరికి చెప్పాలి, చెప్పాలంటే వాళ్ల ముఖం చూడాలి. అంత ధైర్యం ఎక్కడిది? నిన్న మా గదిలో ఉండే బ్యూటీ పార్లర్ అమ్మాయి చూపించింది, ఫోనులో మైకు బొమ్మ నొక్కి తెలుగులో మాట్లాడితే అదే రాసిపెడుతుందని. నా నోట్లోంచి వచ్చిన మాట నా కళ్ల ముందు అక్షరమై నిలబడుతోంది! ఈ రోజు శుక్రవారం. ఇక్క నమాజుకు వెళ్లాడు, షాపు షట్టరు సగం దించి ఉంది. ఇక్క అంటే మా షాపు యజమాని, మలబారు ఆయన, అందరం అలాగే పిలుస్తాం. ఆయన తిరిగి వచ్చేలోపు గంట టైముంది. వినండి.

మా షాపు షార్జాలో, రోలాలో. పాత కంప్యూటర్లు బాగుచేస్తాం. ఇది మా ఆయన కూర్చున్న కుర్చీ. కరోనా వచ్చిన రెండో ఏడాది పది రోజుల జ్వరంతో పోయాడు. అంతకు ముందు నేను ఆయనకు అన్నం డబ్బా తెచ్చి పక్కన స్టూలు మీద కూర్చునేదాన్ని. ఆయన మాట్లాడుతూ పని చేసేవాడు. నాకు చెబుతున్నాడో మిషనుకు చెబుతున్నాడో తెలిసేది కాదు. ఏ డబ్బా వచ్చినా స్క్రూ విప్పే ముందు తెచ్చినవాళ్లను అడిగేవాడు, దీని ముందు ఎవరు కూర్చుంటారు, దీనికి వెనక ఏమేం తగిలించి నడుపుతారు అని. ఆ జవాబును బట్టే ఏ సిస్టమ్ ఎక్కించాలో తేల్చేవాడు.

అలా వినీ వినీ నేర్చుకున్నాను. అబ్బ, ఏం సంతోషమో అది! టైపింగ్ సెంటర్ వాళ్ల మిషనుకు విండోసే, ఎందుకంటే వాళ్ల ప్రింటర్లూ స్కానర్లూ దానితోనే మాట్లాడతాయి. నర్సమ్మ కూతురు చదువుకునే పాత పల్చటి ల్యాప్‌టాప్‌కు లినక్స్, ఎందుకంటే దానికి ఊపిరి తక్కువ, బరువు మోయలేదు, ఆ పిల్లకు కావలసింది పాఠం వినిపించడమే. ఫోటో స్టూడియో ఆయన మ్యాక్ తెస్తే దుమ్ము దులిపి అలాగే ఇచ్చేయాలి, అతని చెయ్యి దానికి అలవాటు పడింది. తెర మీద ఇంగ్లీషు మాటలు నాకు చదవడం రాకపోయినా ఏ రంగు తెర తర్వాత ఏ రంగు తెర వస్తుందో, ఏ మూల నొక్కాలో, అన్నీ వేళ్లకు తెలుసు. చచ్చిన డబ్బా పైన చెయ్యి వేస్తే మళ్లీ వెలుగు వస్తుంది చూడండీ, నీలం వెలుగు ముఖం మీద పడుతుంది. ఆ క్షణం కోసం ఎంత దూరమైనా నడిచి వస్తాను.

ఆయన పోయాక ఇక్క నా వీసా షాపు మీదకు మార్పించాడు. మూడు నెలలు చూస్తాను, పని రాకపోతే ఖలాస్ అన్నాడు. తిరిగి వెళ్లడానికి ఊళ్లో నాకంటూ ఇల్లు లేదు. ఆ మూడు నెలల్లో రెండో నెలలో మస్తాన్ అన్నయ్య వచ్చాడు.

మస్తాన్ అన్నయ్యది నెల్లూరు. ఇండస్ట్రియల్ ఏరియాలో అబాయాల మీద, అంటే ఇక్కడి ఆడవాళ్లు వేసుకునే నల్ల అంగీల మీద, ఎంబ్రాయిడరీ వేసే షాపులో డిజైనరు. పువ్వు, తీగ, అంచు, అన్నీ కంప్యూటరులో గీసి మిషనుకు పంపితే అది కుడుతుంది. మా ఆయనా ఆయనా బావా బావా అనుకునేవారు. నన్ను చెల్లెమ్మా అనేవాడు. ఆ రోజు ఆ నల్ల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టి, చాలా మెల్లగా లేస్తోంది, కాస్త దుమ్ము దులిపి వేగం పెంచితే చాలన్నాడు. డిజైన్లు మాత్రం జాగ్రత్త అన్నాడు. నాకు తెలీదా అన్నాను. సాయంత్రం అస్ర్ నమాజు చేసుకుని వస్తానని వెళ్లాడు.

దుమ్ము దులిపితే చాలని ఆయన చెప్పాడు కదా. నేనెందుకు అంతటితో ఆగలేదు?

ఎందుకంటే కొత్త విండోస్ నా అంతట నేను ఎక్కించడం ఆ వారమే వచ్చింది. చేతులు దురద పెడుతున్నాయి. ఆ డబ్బాలో ఉన్నది పాత విండోస్, దాన్ని చూస్తే నాకు మాసిన చీరలా కనిపించింది. కొత్తది వేసి ఇస్తే అన్నయ్య ఆశ్చర్యపోవాలి, ఇక్క చూడాలి, పైనున్న మా ఆయన కూడా చూడాలి అనుకున్నాను. దీనికి వెనక ఏమేం తగిలించి నడుపుతారు అని అడగలేదు. అడిగి ఉంటే, ఎంబ్రాయిడరీ మిషను ఆ పాత విండోస్‌తో తప్ప పలకదని ఆయనే చెప్పేవాడు.

అది ఒకటి. ఇంకోటి ఉంది, అదే అసలైనది. ఏ మిషను విప్పినా ముందు అందులో ఉన్నదంతా పెద్ద డిస్కులోకి కాపీ తీయాలి. మా ఆయన కాపీ తీయకుండా వేలు కూడా పెట్టేవాడు కాదు. ఆ రోజు పెద్ద డిస్కు వేరే మిషనుకు తగిలించి ఉంది, ఇంకో గంట పట్టేది. ఆగలేదు. తెర మీద కనిపించిన పువ్వుల బొమ్మలు నాలుగు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, అంతే కదా అనుకుని మొదలుపెట్టాను. మధ్యలో ఒక తెర వస్తుంది. అందులో డిస్కు ఎన్ని భాగాలుగా ఉందో వరుసలుగా చూపిస్తుంది. ఆ రోజు రెండు వరుసలు కనిపించాయి. మా ఆయన ఎప్పుడూ మొదటి వరుసనే ముట్టుకునేవాడు. నాకేమో ఒకటే వరుసగా చేస్తే శుభ్రంగా ఉంటుందనిపించింది. రెండూ చెరిపేశాను.

నాకు చదువు రాదు కాబట్టి తప్పు జరిగిందని అనుకోకండి. చదువు ఉన్నా అదే చేసేదాన్ని. తెలిసే కాపీ తీయలేదు. తొందర. గొప్ప కోసం తొందర.

అన్నయ్య వచ్చాడు. ఆ మాటలు ఒక్కటీ మర్చిపోలేదు.

“ఏం చెల్లెమ్మా, నా ముసలోడికి ఊపిరి పోసినావా?”

“ముసలోడేంటి అన్నయ్యా, పెళ్లికొడుకులా ఉన్నాడు. బటన్ నొక్కి చూడండి.”

నొక్కాడు. నిమిషం కూడా పట్టలేదు, లేచింది.

“యా అల్లా! ఇంత బిరీనా! మా ముదీర్ చూస్తే రేపట్నుంచి నన్ను కూడా ఇదే వేగంతో ఉరికిస్తాడు.”

ముదీర్ అంటే వాళ్ల మేనేజరు. నేను పగలబడి నవ్వాను. ఆయన మౌసు పట్టుకున్నాడు. “సరే, నా పూలతోట యాడుంది?”

“ఎదురుగానే పెట్టాను కదా.”

“ఇయ్యి ఎవరో పంపిన బొమ్మలు చెల్లెమ్మా. నేను గీసినయ్యి రెండో డ్రైవ్‌లో ఉంటాయి. పదకొండేళ్లయ్యి.” అటు నొక్కాడు, ఇటు నొక్కాడు. “లేదే. రెండో డ్రైవే లేదే.”

రెండో వరుస. నాకు అప్పుడు తెలిసింది. షట్టరు దగ్గర ఇక్క ఎవరితోనో మాట్లాడుతున్నాడు, ఆయన వీపు కనిపిస్తోంది.

“అన్నయ్యా, అది ముందే పోయింది. నేను తెరిచేసరికే ఖాళీ.”

“ఖాళీనా? పొద్దున దాకా దాని మీదే పని చేసినానే!”

“ఒక్కోసారి తెచ్చేటప్పుడు కుదుపులకు పోతాయండి.”

“టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చినా చెల్లెమ్మా. పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నా.” మౌసు వదిలేశాడు. “సరేలే, నా నసీబు. నీ తప్పేముంది. బావ ఉండుంటే కాపీ తీసిపెట్టుకోలేదేందిరా అని నన్నే తిట్టుండేవాడు.”

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. కొత్త విండోస్‌తో వాళ్ల మిషను పలకలేదని మర్నాడు మళ్లీ తెచ్చాడు. అదే డిస్కు మీద పాతదాన్ని మళ్లీ ఎక్కించి ఇచ్చాను. అక్కడే ఇంకో పాపం చేశానని ఆరు నెలల తర్వాత తెలిసింది. చెరిపిన వెంటనే ఆ డిస్కును ముట్టుకోకుండా పక్కన పెట్టి, పోయినవి వెతికి తీసేవాళ్లకు ఇస్తే చాలావరకు తిరిగి వచ్చేవట. దాని మీద మళ్లీ మళ్లీ రాస్తేనే మూసుకుపోతాయట. అంటే ఆ సాయంత్రం నిజం చెప్పి ఉంటే పూలు బతికేవి. తొందర పువ్వుల్ని చెరిపింది, అబద్ధం వాటిని పూడ్చింది.

కానీ నా మీద కూర్చున్నది పువ్వుల బరువు కాదు.

వారం తర్వాత వాళ్ల ముదీర్ షాపుకు ఫోన్ చేశాడు. వాళ్ల వీధిలోనే కొత్తగా ఇంకో ఎంబ్రాయిడరీ షాపు తెరిచారట. మస్తాన్ డిజైన్లు వాళ్లకు అమ్మేసి తమ కంప్యూటరులోవి చెరిపాడని ఆయన అనుమానం. ఇక్క ఫోను నా చేతికి ఇచ్చి ఎదురుగా నిలబడ్డాడు. ముదీర్ హిందీలో ఒక్కటే అడిగాడు, ఆ కంప్యూటరు మీ దగ్గరికి వచ్చేసరికే ఖాళీగా ఉందా అని.

ఖాళీగా వచ్చింది అంటే దాని అర్థం ఏమిటి? తెచ్చేముందే మస్తాన్ చెరిపాడని. అది నాకు తెలుసు. చెప్పాక తెలిసిందని మీతో అనవచ్చు, నాలుగేళ్లు నాతో నేను అలాగే అనుకున్నాను. కాదు. చెప్పకముందే తెలుసు. ఎదురుగా ఇక్క ముఖం ఉంది. నా వీసా ఆయన చేతిలో ఉంది. అంతకంటే ఎక్కువగా, ఆ కుర్చీ ఉంది. మళ్లీ స్టూలు మీదకు వెళ్లాలా? ఆ నీలం వెలుగు నా ముఖం మీద ఇక పడదా?

హా జీ, ఖాళీ ఆయా థా, అన్నాను.

మస్తాన్ అన్నయ్య వీసా క్యాన్సిల్ చేశారు. ఊరికి వెళ్లేముందు షాపుకు వచ్చాడు, టీ తాగాడు, ఫోను సంగతి ఎత్తలేదు. ఆయనకు తెలుసా? నేను అబద్ధం చెప్పానని తెలిసే వచ్చాడా? ఆ ప్రశ్నను ఎన్నిసార్లు తిప్పి చూశానో! తెలియదనే అనుకుంటాను. ఎందుకంటే పోతూ పోతూ ఆ వీధిలో వాళ్లందరికీ నా సంగతి చెప్పి వెళ్లాడు. ఏ కంప్యూటరుకు ఏ సిస్టమ్ మంచిదో రోలాలో మా చెల్లెమ్మను అడగండి, ఉన్నదున్నట్టు చెబుతుంది అని. వాళ్లు వచ్చారు. వాళ్లు పంపితే ఇంకొకరు వచ్చారు. మూడు నెలల గడువు ఎప్పుడు దాటిందో నాకే తెలియలేదు. ఈ మధ్య పాత విండోస్‌లకు ఇక అప్‌డేట్లు రావన్న దగ్గర్నుంచి బల్ల ఖాళీగా ఉండటం లేదు, దుబాయ్ కరామా నుంచి కూడా మెట్రో దిగి బస్సెక్కి వస్తున్నారు. అక్కా ఇది ఉంచాలా, మార్చాలా? అక్కా లినక్స్ వేస్తే నా పని నడుస్తుందా? నా పేరంతా ఆయన మాట మీద నిలబడింది. ఆయన పేరు నా మాటతో పడిపోయింది.

మొన్న సోమవారం ఎంబ్రాయిడరీ వీధి నుంచే ఒకతను పాత డబ్బా తెచ్చాడు. చూడగానే గుర్తుపట్టాను, అదే రకం. ఇది బాగా పాతబడింది, అందరూ మారుస్తున్నారు, ఏది మంచిదైతే అది వెయ్యి అక్కా అన్నాడు. దీనికి వెనక ఏం తగిలిస్తారని అడిగాను. చెప్పాడు. ముందు మొత్తం కాపీ తీశాను, రెండు సార్లు. తర్వాత నెట్ వైరు పీకి అతని చేతిలో పెట్టాను. దీనికి అన్నిటికంటే మంచి సిస్టమ్ దీనిలో ఉన్నదే, కొత్తది ఎక్కించవద్దు, వైరస్ రాకుండా నెట్ మాత్రం తగిలించవద్దు అన్నాను.

అతను సంబరపడ్డాడు. వెళ్తూ వెళ్తూ అన్నాడు, “ఆ డిజైన్లు కొట్టేసినాయన, మస్తాన్, ఆయనే అంట కదక్కా మొదట నీ పేరు చెప్పింది? దొంగోడైనా మంచి మాట చెప్పినాడు.”

దొంగోడు. అంత తేలిగ్గా అన్నాడు, ఈ రోజు ఎండగా ఉందన్నట్టు. నాలుగేళ్లుగా ఆ వీధిలో అదే మాట నడుస్తోంది. నేను ఇక్కడ కూర్చుని సలహాలు చెబుతున్నాను.

ఆ రోజు నుంచి అన్నం సహించలేదు. నిన్న ఈ మైకు దొరికింది. ఇప్పుడు చూడండి, ఒంట్లో ఎంత హుషారో, మాటలు ఒకదాని మీద ఒకటి దూకుతున్నాయి, ఫోను అందుకోలేకపోతోంది! సిగ్గుపడాలి కదా? పడుతున్నాను. రెండూ ఉన్నాయి. ఇది విని ఆయన క్షమిస్తాడని కాదు. అడగను కూడా. పదకొండేళ్ల పూలకు క్షమించమని ఏ నోటితో అడగను? ఇక్క చదివితే ఈ కుర్చీ ఉంటుందో పోతుందో తెలియదు.

ఇందులో నా పేరు వేయలేదు. ఆయన పేరు వేశాను, కడగవలసింది ఆ పేరే కాబట్టి. ఆ వీధిలో వాళ్లు చదివితే నేనెవరో ఎలాగూ తెలుస్తుంది. తెలియనీ. ముందుగా పంపేది వాళ్ల వాట్సాప్ గ్రూపుకే.

ఇంతవరకు చెప్పింది ఫోనునే చదివి వినిపించమన్నాను. చాలా చోట్ల నా మాట తప్పుగా పట్టుకుంది, ఆగి ఆగి మళ్లీ చెప్పి దిద్దుకున్నాను. ఒక్కచోట మాత్రం మొదటిసారికే, అక్షరం పొల్లు పోకుండా రాసింది. బయట నమాజు అయిపోయినట్టుంది, మనుషుల అలికిడి. షట్టరు పూర్తిగా ఎత్తేసి, ఆ ఒక్క ముక్కనే గట్టిగా మళ్లీ చదివించాను.

ఆ కంప్యూటరు ఖాళీగా రాలేదు. మస్తాన్ అన్నయ్య ఏమీ దొంగిలించలేదు. నేను చెరిపాను.