బలపరిచే మనిషి

మా హార్మన్స్ మిల్‌లో ఎవరు ఏం ప్రతిపాదించినా, దాన్ని బలపరిచేది మాత్రం వెర్నా పెల్కీయే. లైబ్రరీ కప్పు బాగుచేయించాలన్నా, అంబులెన్సుకి టైర్లు మార్పించాలన్నా, బీదాబిక్కీకి సరుకులిచ్చే గదిలో బఠాణీ డబ్బాలు ఏ అరలో పెట్టాలన్నా సరే, ముందు ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. ఆ ఇంకొకరు దొరక్కపోతే ఎంత మంచి ఆలోచనైనా అక్కడికక్కడే చచ్చి ఊరుకుంటుంది. అమెరికాలో మా మెయిన్ రాష్ట్రంలో పద్ధతి అది. ప్రతిపాదించడానికి ఊళ్ళో తెలివైనవాళ్ళు బోలెడుమంది. బలపరచమనేసరికి, పని ఎక్కడ తమ మెడకి చుట్టుకుంటుందోనని అందరూ కాఫీ కప్పుల్లోకి తొంగిచూస్తారు. అప్పుడు వెనక కుర్చీలోంచి బొంగురు గొంతుతో "బలపరుస్తున్నా" అని వినిపిస్తుంది. చేతులు లేస్తాయి, పని జరుగుతుంది.

ఇంత చిన్న ఊరికి ఇన్ని సంఘాలెందుకని బయటివాళ్ళు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. మాకు సర్కారు అంటే మంచు తోసే లారీ ఒకటి, దాన్ని తోలే మనిషి ఒకడు. తక్కిందంతా మేమే సంఘాలు పెట్టుకుని నెట్టుకురావాలి. పుస్తకాలకి ఒకటి, ఆకలికి ఒకటి, గుండెపోటుకి ఒకటి, చచ్చాక పూడ్చడానికి ఒకటి. రాష్ట్రమంతటా ఇదే తంతు. ఒక పక్క వేలమంది పనిచేసే ఆస్పత్రులూ కాలేజీలూ ఉంటాయి. ఇంకో పక్క లైట్‌హౌస్‌కి సున్నం వేసేవాళ్ళూ, ముసలి గుర్రాల్ని సాకేవాళ్ళూ, వసంతంలో తొలి వాన పడగానే రోడ్డు దాటబోయే కప్పల్ని చేతుల్తో ఎత్తి అవతల దింపేవాళ్ళూ ఉంటారు. చట్టం కళ్ళకి వీళ్ళంతా ఒకే జాతి, లాభం ఆశించని జాతి. నాకైతే ఆ కప్పల వాళ్ళంటే మహా ఇష్టం.

వెర్నా ఈ జాతిలోకి దారితప్పి వచ్చింది. ఆవిడ స్కూలు బస్సు తోలేది. మొగుడు రే కాగితం మిల్లులో పనిచేసేవాడు. పిల్లల్లేరు. బస్సులో ఎక్కి దిగిన పిల్లలే పిల్లలు. రే పోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు వండి తెచ్చిన గిన్నెలు వంటింటి బల్ల మీద పేరుకుపోయాయి. కడిగి, అడుగున అంటించిన పేర్లు చూసుకుంటూ ఎవరివి వాళ్ళకి ఇచ్చి వస్తోంది. అలా ఒక రోజు, ఒకప్పుడు రైతు సంఘం కట్టిన గ్రేంజ్ హాలుకి వచ్చేసరికి లోపల మీటింగు జరుగుతోంది. మెట్లు బాగుచేయించాలని ఎవరో ప్రతిపాదించారు, బలపరిచే నాథుడు లేడు. "ఎవరో ఒకరు అనండ్రా బాబూ, ఇంటికెళ్ళి అన్నం తినాలి" అని అధ్యక్షుడు ఆల్టన్ క్రోకర్ విసుక్కున్నాడు. గుమ్మంలో గిన్నె పట్టుకుని నిలబడ్డ వెర్నా ఉండబట్టలేక "నేను బలపరుస్తున్నా" అనేసింది. ఆవిడకి సభ్యత్వమే లేదు. ఆల్టన్ క్షణం ఆలోచించి, అక్కడికక్కడే సభ్యురాల్ని చేసి, మెట్ల సంగతి తేల్చేశాడు.

ఆ సాయంత్రం వెర్నాకి ఇల్లు చేరేసరికి పొద్దు గడిచిపోయి ఉంది. రే పోయాక అలా గడవడం అదే మొదటిసారి. అంతే, అది పట్టుకుంది. ఎవరు రమ్మంటే వాళ్ళ సంఘంలో చేరింది. లైబ్రరీ, సరుకుల గది, అంబులెన్సు, మంచు మీద షికారు తిరిగే మంచుబళ్ళ దారులు, శ్మశానం, ఏదీ వదల్లేదు. కోరం చాలకపోతే ఫోను ఆవిడకే వచ్చేది. తనంతట తాను ఒక్కటీ ప్రతిపాదించలేదు. ఆవిడకి కావలసింది ఊరి బాగు ఒక్కటే అనుకునేవాళ్ళం. బాగు కోరేదే, కాదనను. కానీ సాయంత్రం పూట నలుగురు కూర్చున్న గదిలో తనకొక కుర్చీ ఉండాలన్నది అంతకంటే పెద్ద కోరిక. దాన్ని మేమెవరమూ పసిగట్టలేదు.

ఈ ఏడాది చలికాలంలో వెర్నాకి జ్వరం వచ్చి మంచాన పడింది. లేచి వచ్చేసరికి ఊరు మారిపోయింది. లైబ్రరీ, సరుకుల గది, అంబులెన్సు సంఘాలు మూడూ కౌంటీ పట్నంలో పెట్టబోయే ఒకే పెద్ద సంస్థలో కలవడానికి ఒప్పేసుకున్నాయి. కలవాల్సినవాటిలో ఇక మిగిలింది గ్రేంజ్ హాలు సంఘం. దాని సంగతి తేల్చడానికి మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం మీటింగు పెట్టారు.

వచ్చింది నలుగురే. ఆల్టన్, మినిట్స్ రాసే ప్రిసిల్లా, ఈ మధ్యే చేరిన టెస్, వెర్నా. టెస్ ఒకప్పుడు వెర్నా బస్సులో స్కూలుకెళ్ళిన పిల్ల, ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. హాలుని వెచ్చబెట్టే కొలిమి పాడైపోయి చాలా రోజులైంది. కోట్లు విప్పకుండానే కిరసనాయిలు హీటరు చుట్టూ కుర్చీలు లాక్కున్నారు.

ఈ సంఘాలన్నిటికీ సలహాలిచ్చే పెద్దమనిషి ఒకాయన రాజధాని అగస్టా నుంచి బురదలో పడి వచ్చాడు. గోడ మీద బొమ్మ వేసి చూపించాడు. పెద్ద పెద్ద గుండ్రాలు ఆస్పత్రులట, వాటి పక్కవి కాలేజీలట, తర్వాత మ్యూజియాలు, అడవులు కాపాడేవాళ్ళు. అంచున ఇసుక జల్లినట్టు చుక్కలున్నాయి.

"మేమెక్కడున్నామండీ ఇందులో?" అంది వెర్నా.

ఆయన గోడ దగ్గరికెళ్ళి ఆ ఇసుకలో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. "ఇక్కడే... ఇక్కడెక్కడో ఉంటారమ్మా. మరీ మీ అంతవాళ్ళని విడిగా చూపించలేం. కానీ సంఖ్య చూస్తే మీలాంటివాళ్ళే ఎక్కువ."

"దోమలు కూడా అంతే లెండి" అన్నాడు ఆల్టన్. అందరూ నవ్వారు.

కొత్త సంస్థకి జీతం మీద ఒక డైరెక్టరు ఉంటాడని, హాలుకి కొత్త కొలిమి వస్తుందని ఆయన చెప్పాడు. కమిటీ మూడు నెలలకోసారి కంప్యూటర్లో కలుస్తుందట. "మంచులో బండి తోలే బాధ మీకిక లేదు. ఎవరింట్లో వాళ్ళు కూర్చోవచ్చు."

"ఇంట్లోంచేనా?" అంది వెర్నా.

"ఇంట్లోంచే! సోఫాలో కాళ్ళు చాపుకుని!"

ఆయన పాపం మంచి కబురు చెప్తున్నాననే అనుకున్నాడు. వెర్నా ఇంట్లో సోఫా ఉంది. అది ఒక పక్కే, తను కూర్చునే పక్కే, కుంగింది.

ఆయన వెళ్ళిపోయాక టెస్ గొంతు సవరించుకుంది. "మన హాలు సంఘాన్ని కొత్త సంస్థలో కలపాలని ప్రతిపాదిస్తున్నా."

"బలపరిచేవాళ్ళు?" అన్నాడు ఆల్టన్.

అధ్యక్షుడు బలపరచకూడదు. మినిట్స్ రాసేవాళ్ళు బలపరచకూడదని మా హాలు ఆనవాయితీ. ప్రతిపాదించింది టెస్. ఇక ఉన్నది వెర్నా. ప్రిసిల్లా అయితే తల ఎత్తకుండా ఆవిడ పేరు రాసేసింది కూడా.

వెర్నా ఆ పేరు వైపు చూసింది. నోరు మెదపకపోతే చాలు. వద్దని వాదించక్కర్లేదు, ఎవరితోనూ మాట పడక్కర్లేదు. ఊరుకుంటే ఇది ఇక్కడితో పోతుంది, వచ్చే నెలా ఇదే కుర్చీ, ఇదే కాఫీ. కానీ సరుకుల గది ఫ్రీజర్లు ఈ హాలు నేలమాళిగలోనే ఉన్నాయి. ఇంకో చలికాలం కొలిమి లేకపోతే గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, అవి పగిలి అంతా మునుగుతుంది. గురువారం పూట సరుకుల కోసం బయట వరసగా ఆగే కార్లలో ఎవరెవరుంటారో ఆవిడకి తెలుసు. కిందటేడు టెస్ కూడా ఆ వరసలో నిలబడింది. డిక్కీ తెరిచి సరుకుల పెట్టె పెట్టింది వెర్నాయే.

"వెర్నా, కునుకు తీశావా?" అన్నాడు ఆల్టన్.

"లేదు. ఆలోచిస్తున్నా."

"నువ్వా? ఇదేం కొత్త జబ్బు?"

ఆవిడ నవ్వలేదు. "బలపరుస్తున్నా" అంది.

చేతులు లేచాయి. అయిపోయింది. ఎవరికీ ఏమీ తెలియలేదు.

"ఇక మనకి మిగిలింది మంచుబళ్ళూ, శ్మశానమూ" అన్నాడు ఆల్టన్ కాగితాలు సర్దుకుంటూ. "మంచుబళ్ళ కుర్రాళ్ళు మీటింగులు ఎలాగూ ఫోన్లోనే పెట్టుకు తగలడతారు. శ్మశానం జోలికి మాత్రం ఎవడూ రాడులే. ఏడాదికోసారి కలుద్దాం, సైనికుల సమాధుల మీద జెండాలు పాతడానికి."

టెస్ గడియారం చూసుకుంది. "పిల్లల్ని మా ఆడపడుచు దగ్గర వదిలొచ్చా. సభ ముగించాలని ప్రతిపాదిస్తున్నా."

"బలపరిచేవాళ్ళు?" అంటూనే ఆల్టన్ హీటరు ఆర్పడానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే తల తిప్పాడు. "వెర్నా, నిన్నే."

"బలపరచను."

"ఏమని రాయను?" అంది ప్రిసిల్లా కంగారుగా.

"ఏమన్నా రాసుకో. నాకు ఇంటికెళ్ళాలని లేదు" అంది వెర్నా. "ఇంట్లో ఎవరున్నారు నాకు? ఈ మీటింగులే నాకు దిక్కు. ఇప్పుడు అవీ పోయాయి, పోవడానికి సరే అన్నదీ నేనే. కాసేపు కూర్చోండి. ఊరికే, కాసేపు."

కావాలంటే ఆల్టన్ ముగిసిందని చెప్పి లేచిపోవచ్చు. లేవలేదు. హీటరు అలాగే ఉంచి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ప్రిసిల్లా పెన్ను మూత పెట్టింది. టెస్ ఆడపడుచుకి ఫోనులో ఏదో కొట్టి, "ఉంటాను మిసెస్ పెల్కీ, పర్లేదు" అంది.

కూర్చున్నారు. హీటరు చిటపటమంటోంది.

"రోడ్లు మరీ బురదగా ఉన్నాయి" అన్నాడు ఆల్టన్.

"ఈసారి మరీను" అంది ప్రిసిల్లా.

ఆల్టన్ అరచేతులు తొడల మీద రుద్దుకున్నాడు. "మీ కుక్క ఎలా ఉంది, వెర్నా? ఆ మచ్చల కుక్క?"

"అది పోయి నాలుగేళ్ళయింది ఆల్టన్."

"అయ్యో. చెప్పనేలేదే."

"నువ్వు అడగలేదుగా."

ఆ మాటలో నిష్ఠూరం లేదు, ఉన్నమాటే అంది. తనైనా ఏం అడిగింది గనక? ప్రిసిల్లా చెల్లెలికి ఒంట్లో బాగాలేదని ఎప్పుడో విన్నది. ఇప్పుడు అడుగుదామని నోరు తెరిచి, ఆ చెల్లెలు బతికుందో లేదో తెలియక మూసేసింది. ఇన్నేళ్ళూ ఈ మొహాల్నే చూస్తూ వచ్చింది. వీళ్ళ మధ్య ఎజెండా ఉండేది. కప్పులు, టైర్లు, బఠాణీ డబ్బాలు ఉండేవి. అవి తీసేస్తే, వీళ్ళకి తను ఎవరో తెలియదు, తనకి వీళ్ళెవరో తెలియదు. నలుగురిలో కూర్చుని ఉండగానే ఆవిడకి ఇంటి సోఫాలో కూర్చున్నట్టే అనిపించింది. దానికంటే ఇదే ఎక్కువ బాధగా ఉంది, ఎందుకంటే ఇక్కడ ముగ్గురు మంచివాళ్ళు తన కోసం ముళ్ళ మీద కూర్చున్నారు.

"మీరు రాత్రికి ఏం వండుకుంటారు మిసెస్ పెల్కీ?" అంది టెస్. ఏదో ఒకటి అడగాలని ఆ పిల్ల కిందామీదా పడుతోంది.

"రొట్టె కాల్చుకుంటాలే."

"ఓ" అంది టెస్.

వెర్నా కోటు గుండీలు పెట్టుకుంది. "మళ్ళీ అడుగు ఆల్టన్."

"ఏమని?"

"ఆ చివరిదే. మళ్ళీ అడుగు."

ఆల్టన్ నిటారుగా కూర్చున్నాడు. ఎందుకో టోపీ కూడా తీశాడు. "సభ ముగించాలని ప్రతిపాదన ఉంది. బలపరిచేవాళ్ళు?"

"బలపరుస్తున్నా."

"అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తండి."

ప్రిసిల్లా నేల వైపు చూసింది. టెస్ చేతులు ఒళ్ళోనే ఉండిపోయాయి. ఎవ్వరూ ఎత్తేలా లేరని తెలిశాక, వెర్నాయే ముందు ఎత్తింది.